మేడ మీద ఒగ్గించిన ఉద్యోగం

మా వరాలత్త పోయిన పన్నెండో రోజున చోడవరంలో భోజనాలు పెట్టేరు. ఆకులు పరిచి వడ్డన మొదలయ్యేలోపల మా తమ్ముడు శంకరం మైకు పట్టుకున్నాడు. ఈ మధ్య పెద్ద కర్మలకి కూడా మైకు పెడుతున్నారు. పోయినవాళ్ళ గురించి నాలుగు మంచి మాటలు చెప్పాలిట. వాడు చెప్పినదాంట్లో మొదటిది ఇది: "మా మేనత్త ఆ రోజుల్లోనే మద్రాసు వెళ్ళి ఇరవై అంతస్తుల మేడ ఎక్కొచ్చిన మనిషి. అరవై రెండులో. అప్పటికి మన చుట్టుపక్కల ఏ ఆడదీ ఎక్కలేదు. మా తాతగారు కూతుర్ని అంత ముద్దుగా చూసుకున్నారు." జనం తలలూపేరు. వెనక వరసలో ఎవరో చప్పట్లు కూడా కొట్టబోయి, ఎక్కడున్నామో గుర్తొచ్చి ఆగేరు. నేను ఆకు ముందునుంచి లేచి వచ్చేసేను. వంటలో ఉప్పు ఎక్కువైందేమో, ఈవిడకి బీపీ కదా అని అనుకున్నారుట. అప్పటికింకా వడ్డించనే లేదు.

నేను ట్రెజరీలో లెక్కలు చూసి రిటైరైన మనిషిని. తప్పు అంకె కనబడితే దాన్ని చెరపకూడదు. తప్పు ఏమిటో కనబడేలాగే ఒక గీత కొట్టి, పక్కన సరైనది రాసి, కింద సంతకం పెట్టాలి. అదే ఇక్కడ చేస్తున్నాను. మేడ అంతస్తులు ఇరవై కాదు, పధ్నాలుగు. సంవత్సరం అరవై రెండు కాదు, యాభై తొమ్మిది, కార్తీక మాసం. శంకరం ఆ ప్రయాణంలో లేనేలేడు, వాడికి తట్టు పోస్తే అమ్మ దగ్గర ఇంట్లో ఉండిపోయేడు. ఇవి చిన్న తప్పులు. పెద్ద తప్పు 'ముద్దుగా' అన్న మాట. అది కొట్టెయ్యడానికి ఒక గీత చాలదు.

మా ఇల్లు రావికమతం వెళ్ళే దారిలో ఊరి చివర ఉండేది. ఇప్పుడు జిల్లా పేరు మారింది, అప్పుడు విశాఖపట్నం జిల్లా. ఇంటి వెనక చెరుకు తోట, తోటకీ ఇంటికీ మధ్య బెల్లం వండే పాక. గానుగ ఆడే రోజుల్లో చెరుకు పాలు పెద్ద పెనంలో మరుగుతుంటే ఆ వాసన ఇంట్లో దుప్పట్లకీ, మా జడలకీ, పుస్తకాలకీ పట్టేసేది. చుట్టాలకి అది కమ్మని వాసన. దాని వెనక ఎవరు ఎప్పుడు లేస్తున్నారో చూసినవాళ్ళకి అంత కమ్మగా ఉండదు. తాత తెల్లారేక లేచి, పాక అరుగు మీద కూర్చుని పాకం చూసేవాడు. వేళ్ళ మధ్య సాగదీసి "ఇంకొక్క ఉడుకు" అనేవాడు. ఆ మాట తప్పయ్యేది కాదు, ఒప్పుకుంటాను. మామ్మ నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని అడ్డచుట్ట కాల్చుకుంటూ కూలీలని అదిలించేది. వాళ్ళందరికీ చోడి అంబలి కాచేదీ, అన్నం వండేదీ, పచ్చడి నూరేదీ, పాలు మరగబెట్టి తోడు వేసేదీ వరాలత్త. అమ్మ కూడా చేసేది కానీ, అమ్మకి ఎప్పుడూ చంకలో ఒక పిల్లో పిల్లాడో ఉండేవారు. అంచేత పనంతా 'చేతులు ఖాళీగా ఉన్న' అత్త మీద పడింది. చేతులు ఖాళీ అన్నది మామ్మ మాట. గాజులు లేని చేతులు ఆవిడవి.

అత్త పెళ్ళైన రెండో ఏడే మావ విషజ్వరం వచ్చి పోయేడు. అత్తవారు పెట్టె చేతికిచ్చి పంపేసేరు. ఆవిడ స్కూలు ఫైనలు పూర్తి చేసిన మనిషి, మా ఇంట్లో మా నాన్న తర్వాత ఇంగ్లీషు పేపరు చదవగలిగింది ఆవిడొక్కతే. కానీ నాన్న చదివితే అరుగు మీద, అత్త చదివితే పొయ్యి దగ్గర. నేను ఆ రెండూ చూస్తూ పెరిగేను.

ఇక్కడ మా వైపు ఒక ఆచారం చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగినది అర్థం కాదు. కాశీ వెళ్ళినవాళ్ళు అక్కడ తమకి ఇష్టమైన కాయో పండో ఒకటి వదిలిపెట్టి రావాలి. మా మాటలో ఒగ్గెయ్యడం. ఒగ్గినది మళ్ళీ జన్మలో ముట్టకూడదు. తాతా మామ్మా కాశీ వెళ్ళొచ్చిన దంపతులు. తాత కంద ఒగ్గేడు. కంద తింటే తాతకి గొంతు దురద పెట్టేది. మామ్మ జామపండు ఒగ్గింది. అప్పటికే ఆవిడ పళ్ళు కదిలిపోయి జామపండు కొరకలేదు. "నీకిష్టమైనది కదా ఒగ్గాలి మామ్మా?" అని నేనడిగితే, "నాకూ తెలుసు, ఆ ఇస్సనాథుడికీ తెలుసు, మజ్జిన నీకేటే గుంటా?" అంది. ఊళ్ళో అందరి భక్తీ ఇంచుమించు అలాగే ఉండేది. పోయినా బాధలేనిది చూసి దేవుడికి ఇచ్చేవారు. వరాలత్త మాత్రం ఏ కాశీకీ వెళ్ళకుండానే బొట్టు, పువ్వులు, పసుపు, రంగు చీరలు ఒగ్గింది. ఏది ఒగ్గుతావమ్మా అని ఆవిణ్ణి ఎవరూ అడగలేదు.

అనకాపల్లిలో దేవదానం మేష్టారని ఒకాయన టైపు నేర్పేవారు. బెల్లం కొనుక్కోడానికి తాత దగ్గరికి వచ్చినప్పుడు, బెల్లం చుట్టబోయే ఇంగ్లీషు కాగితాన్ని అత్త ముందు చదవడం చూసేరు. "ఇంత చదువు పొయ్యిలో పెడతన్నారేటండీ? మా మిషను మీద కూర్చోబెట్టండి" అన్నారు. తోటలో పని లేని రోజులవి. తాత కాసేపు ఆలోచించి, "ఊరికే కూసుంటే మనసు పాడవుతాది. ఎల్లనీ" అన్నాడు. అలా అత్త పొద్దున్న వంట ముగించి బస్సులో అనకాపల్లి వెళ్ళి, మళ్ళీ సాయంత్రం పొయ్యి వేళకి వచ్చేసేది. ఇంట్లో మిషను లేదు కనక, పీట బోర్లించి దాని మీద సుద్దముక్కతో గళ్ళు గీసి, ఒక్కొక్క గడిలో ఒక అక్షరం రాసుకుని, భోజనాలయ్యేక దాని మీద వేళ్ళు ఆడించేది. మామ్మ మంచం మీంచి అనేది: "ఏటే ఆ దరువు? పీటమీద పెళ్ళి బాజాలా?" అత్త వేళ్ళు ఆపకుండానే, "కాదమ్మా, దరఖాస్తు రాస్తున్నాను" అనేది. "ఎవరికీ?" "ఎవరో ఒకరికి." నాకు తెలిసి ఆ ఇంట్లో అత్త నవ్వుతూ మాట్లాడింది ఆ పీట ముందు కూర్చున్నప్పుడే.

టైపులో లోయరూ హయ్యరూ రెండు పరీక్షలూ పాసైంది. పైదానికి మేష్టారు విశాఖపట్నం పంపేరు, అక్కడే ఒక బీమా ఆఫీసు వాళ్ళు టైపిస్టుల కోసం పెట్టిన పరీక్ష కూడా రాయించేరు. తోడు వెళ్ళినది మా నాన్నే. కొన్నాళ్ళకి ఆర్డరు వచ్చింది. ఉద్యోగం మద్రాసులో. మౌంట్ రోడ్డు మీద కొత్తగా కట్టిన మేడలో, ఐదో అంతస్తు. ఆ మేడ ఏదో ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు. దేశంలో అంత ఎత్తు మేడ ఇంకోటి లేదని పేపర్లలో బొమ్మలు వేసేరు, మా బజార్లో మంగలి షాపువాడు ఒక బొమ్మకి అద్దం కట్టించి, అద్దం పక్కన దేవుడి పటాల వరసలో తగిలించేడు. తిరపతి వెళ్ళినవాళ్ళు మద్రాసు దాకా పోయి, ఆ మేడ పైకెక్కి దిగి వస్తున్నారు. అలాంటి మేడలో మా అత్తకి కుర్చీ ఇస్తామని రాసేరు.

ఆ సాయంత్రం ఇంట్లో ఎవరూ ఔననలేదు, కాదనలేదు. తాత ఆర్డరు కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసేడు. ఆయనకి ఇంగ్లీషు రాదు. "మద్రాసంటే మాటలేటమ్మా? ముందు ఆ మేడేటో మన కళ్ళతో సూద్దాం. సూసేక మాటాడుకుందాం" అన్నాడు.

"చేరవలసిన తేదీ లోపలే వెళ్దాం నాన్నా" అంది అత్త.

"అలాగే. సెరుకు నరుకుడు మొదలెట్టకముందే ఎల్లొచ్చెద్దాం."

ఎల్లొచ్చెద్దాం అన్నాడు. చేర్పించి వద్దాం అనలేదు. అత్త ఆ తేడా గమనించలేదని నేననుకోను. అయినా పెట్టె సర్దుకుంది. దోమతెర, కంచం, చెంబు, తలగడ, నాలుగు తెల్లచీరలు, మేష్టారు రాసిచ్చిన ఆడవాళ్ళ హాస్టలు చిరునామా. బస్సు టాపు మీదకి ఎక్కిస్తూ తాత అన్నాడు: "ఇంత పెట్టేటే? కాపరానికి ఎల్తన్నావేటి?" తాతా మామ్మా నాన్నా అత్తా నేనూ, అయిదుగురం. అత్తకి తోడు ఆడపిల్ల ఉండాలని నన్ను తీసుకెళ్ళేరు. అనకాపల్లిలో మెయిలు ఎక్కేం. దారి పొడుగునా తాత ఎదురుగా కూర్చున్నవాళ్ళకి చెప్పేడు, "మద్రాసు ఎల్తన్నాం, మేడ సూడ్డానికి" అని. ఒక్కరికైనా మా అమ్మాయికి ఉద్యోగం వచ్చింది అని చెప్పలేదు. నేను చెవులు పెట్టుకుని విన్నాను, ఒక్కరికీ చెప్పలేదు.

సెంట్రల్ స్టేషనుకి ఎదురుగా సత్రంలో దిగేం. పొద్దున్న తాతకి గ్లాసుడు కాఫీ ఇచ్చేరు. అదే మొదటిసారి ఆయన కాఫీ తాగడం. ఒక గుక్క తాగి మొహం వికారంగా పెట్టి, "ఏపాకు కసాయం" అని నాన్నకి ఇచ్చేసేడు. తర్వాత బస్సెక్కి వెళ్ళేం. వాన పడి వెలిసింది. మేడ దూరం నుంచే కనబడింది. నేను ఆ మేడని తిట్టను. అది ఏ పాపమూ ఎరగదు. చక్కగా, నిటారుగా, పని కోసం కట్టినది. కిటికీల వరసలు రూళ్ళు కొట్టిన కాగితంలా ఉన్నాయి. మామ్మ కిందనుంచి తలెత్తి చూస్తూ ముసుగు జారిపోయినా పట్టించుకోలేదు. తాత మెట్ల దగ్గర చెప్పులు విప్పేసేడు. కాపలావాడు అరవంలో ఏదో అని, తొడుక్కోమని సైగ చేసేడు. తాత వినలేదు, చెప్పులు నాన్న సంచిలో పెట్టించి, ఉత్తికాళ్ళతో నడిచేడు. ఇప్పుడు శంకరం ఈ ముక్క చెప్పి నవ్విస్తాడు. నవ్వవలసినదేం లేదు. ఆయన చెప్పులు విప్పిన చోటే వరాలత్త ఉద్యోగం పోయింది. ఆయన వచ్చినది ఆఫీసుకి కాదు, క్షేత్రానికి.

లోపల రెండు వరసలు ఉన్నాయి. ఆఫీసువాళ్ళది ఒకటి, చూడ్డానికి వచ్చినవాళ్ళది ఒకటి. అత్త ఆర్డరు చేత్తో పట్టుకుని తిన్నగా వెళ్ళి ఆఫీసువాళ్ళ వరసలో నించుంది. ముందు ఒక కళ్ళజోడాయన, వెనక ఇద్దరు ఆడపిల్లలు. ఎవరూ ఆవిణ్ణి వింతగా చూడలేదు. ఆ వరసలో ఆవిడ సరిగ్గా అతికినట్టుంది. మామ్మ ఇటునుంచి కేకేసింది: "ఒసే వరాలూ, అటు కాదే, మనది ఈ వరస. ఇటు రాయే, మంది తోసెత్తన్నారు." అత్త వెనక్కి తిరిగి చూసింది. ఒక్క క్షణం కదల్లేదు. తర్వాత వచ్చి మా వరసలో నించుంది.

లిఫ్టు నడిపేవాడు "ఎంద మాడి?" అన్నాడు. మాకు అరవం రాకపోయినా ఏ అంతస్తు అని అడుగుతున్నాడని తెలిసింది. అత్త "ఫిఫ్త్ ఫ్లోర్" అంది. తాత చెయ్యి అడ్డం పెట్టేడు. "ముందు పైకెల్దాం, పైకి. దిగినప్పుడు నీ ఆఫీసు సూద్దాం." లిఫ్టు కదిలేసరికి మామ్మ నా భుజం పట్టుకుని గోవింద నామం చెప్పింది. పక్కన తిరపతిలో గుండ్లు గీయించుకు వచ్చిన సంసారం ఒకటి ఉంది, వాళ్ళూ అందుకున్నారు. ఆఫీసు లిఫ్టులో గోవింద నామం. ఫైళ్ళు పట్టుకున్న ఒక గుమాస్తా నవ్వు ఆపుకోడానికి పైకప్పు చూస్తూ నించున్నాడు.

పైన డాబా తడిగా ఉంది, గాలి తోసేస్తోంది. సముద్రం, అందులో ఓడలు, సెంట్రల్ గడియారం గోపురం, కింద బస్సులు అగ్గిపెట్టెల్లా. బాగుంది. బాగులేదని నేనెప్పుడూ అనలేదు. తాత చిన్నపిల్లాడిలాగ పిట్టగోడ చుట్టూ తిరిగేడు. "సూడవే, మనుసులు సీమల్లాగున్నారు. ఓడ సూడు, దోనెలాగుంది." అందరం నవ్వుతున్నాం, అత్త కూడా. అప్పుడు మామ్మ అడిగింది, ఒఠ్ఠి సరదాకే అడిగింది: "ఇంత దూరం వచ్చేం, ఇంతెత్తు ఎక్కేం. మరిక్కడ ఏటొగ్గాల?"

తాత వెంటనే అన్నాడు: "నాను కాపీ ఒగ్గీసేను."

నాన్న పకపకా నవ్వేడు. "పొద్దున్న తాగినదేగా?"

"తాగేనా లేదా? అది సాలు."

"నానయితే మద్రాసే ఒగ్గీసేను. మళ్ళీ ఈ లిప్టు ఎక్కమంటే నన్ను సంపీయండి" అంది మామ్మ. గుండ్లవాళ్ళు కూడా నవ్వేరు. తాత ఆ నవ్వు మొహంతోనే అత్త వైపు తిరిగేడు. "నువ్వేటొగ్గుతావమ్మా?"

అత్త ఏదో అనబోయింది. మామ్మ అందుకుంది: "అదింకేటొగ్గుతాది, దాని దగ్గరేటుంది? ఉజ్జోగం ఒగ్గుతాది." అని తనూ నవ్వింది.

ఇంతవరకూ అది హాస్యమే. తాత నవ్వు ఆగిపోవడం నేను చూసేను. ఆయన మొహంలో ఒక తేలిక వచ్చింది, పెద్ద బరువు ఎవరో దింపినట్టు. కాదనడానికి మాట దొరక్క ఇంటి దగ్గర్నుంచి తంటాలు పడుతున్న మనిషికి మాట దొరికింది. "అవునే. బాగా సెప్పేవు. ఒగ్గీ తల్లీ. ఇంతెత్తు మీద ఒగ్గితే పున్నెం. నువ్వు కాదన్నట్టూ ఉండదు, వాళ్ళు ఇయ్యనట్టూ ఉండదు."

"ఇది కాశీ కాదు నాన్నా" అంది అత్త. "ఇది ఆఫీసు. ఇక్కడ నాకు కుర్చీ ఇచ్చేరు."

"సూసేం కదమ్మా. ఎంత బాగుందో సూసేం. ఇంక సాల్దా?"

చూడ్డానికీ చేరడానికీ తేడా తెలియని మనిషి కాదు తాత. చెరుకు తోట చూసి వెళ్ళిపోయేవాడికీ, అందులో దిగి నరికేవాడికీ తేడా ఆయనకి బాగా తెలుసు. అత్త నాన్న వైపు చూసింది. "అన్నయ్యా, నువ్వు చెప్పు. పరీక్షకి నువ్వే కదా తీసుకెళ్ళేవు." నాన్న పిట్టగోడ మీంచి సముద్రం చూస్తూ, "గాలెక్కువగా ఉంది, అమ్మకి పడదు, దిగుదాం" అన్నాడు. ఆయన పేపరు చదివేవాడు, స్త్రీల చదువు గురించి సభల్లో మాట్లాడేవాడు. ఆ సభలకి నేనూ వెళ్ళేను. ఆ రోజు ఆయన నోట్లోంచి వచ్చిన మాట గాలి గురించి.

దిగేటప్పుడు అత్త తాతని అడక్కుండా లిఫ్టువాడితో "ఫిఫ్త్" అంది. లిఫ్టు ఆగింది. తలుపు తీసుకుంది. లోపలినుంచి టైపు మిషన్ల చప్పుడు ఒక్కసారిగా వచ్చి మీద పడింది, వడగళ్ళ వాన రేకుల కప్పు మీద పడ్డట్టు. నీలం చీర కట్టుకున్న ఒకమ్మాయి కాగితాలు గుండెకి హత్తుకుని లోపలికెక్కింది. అత్త ఒక అడుగు వేసింది. తాత ఆవిడ మోచెయ్యి పట్టుకుని, "కిందికి బాబూ, కిందికి" అన్నాడు లిఫ్టువాడితో. తలుపు మూసుకుంది. మామ్మ ఆ నీలం చీర అమ్మాయిని పరకాయించి చూసి, "ఏవమ్మా, పెళ్ళైందా?" అని అడిగింది. ఆ పిల్లకి తెలుగు రాదు, నవ్వి ఊరుకుంది. కింద దిగేదాకా అత్త ఆ పిల్ల చేతి వేళ్ళనే చూసింది.

సత్రంలో అత్త తిండి మానేసింది. పెట్టె గుమ్మం దగ్గర పెట్టుకుని, "నేను రేపు పొద్దున్న వెళ్ళి చేరిపోతాను. మీరు బండెక్కండి" అంది. మామూలు గొంతుతోనే. తాత గోడకి చేరగిలబడి ఏడవడం మొదలెట్టేడు. నిజంగానే ఏడ్చేడు. "అల్లుడు పోయినప్పుడు కూడా ఇంత బాద పళ్ళేదమ్మా. ఒక్కదానివి ఈ ఊళ్ళో ఉంటే నాకు ముద్ద దిగుతాదేటి?" అది నిజమే కావచ్చు. అత్త కూడా కరిగిందనుకుంటాను. కానీ పక్కనుంచి మామ్మ అసలు సంగతి అనేసింది: "పై నెల్లో సెరుకోళ్ళు దిగుతారు. ఆళ్ళకి కూడెవలొండుతారే? నీ వదిన ఒండుతాదా, సంకలో గుంటడితోటి?"

ముద్దూ, ప్రేమా, పరువూ, మద్రాసులో భయమూ, అన్నిటి కిందా ఉన్నది ఆ అన్నం గుండిగ. తాత మామ్మని కసిరేడు, కానీ కాదని మాత్రం అనలేదు. మర్నాడు మెయిల్లో పెట్టె కూడా మాతోపాటు తిరిగి వచ్చింది. దోమతెర మడత విప్పలేదు.

ఊళ్ళో వారం తిరక్కుండా మా అరుగు నిండిపోయింది. రోలుగుంటనుంచీ దేవరాపల్లినుంచీ కూడా చుట్టాలు వచ్చేరు మేడ కబుర్లు వినడానికి. తాత చెప్పేవాడు, చెప్పి చెప్పి గొంతు ఆరితే "మిగతాది వరాలు సెప్తాది, దానికి ఇంగిలీసు కూడా వచ్చు" అని అత్తని పిలిచేవాడు. ఆవిడ తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి నించునేది. "ఎలాగుందే మేడ?" "బాగుంది." "బయమెయ్యలేదా?" "లేదు." అంతే చెప్పి లోపలికి పోయేది. చూడండి, ఎంత అణకువో అనేవారు.

గానుగ మొదలైన నెలకి చెరుకు కొలతల ఆఫీసరొకాయన మా ఇంటికి రావడం మొదలెట్టేడు. ఆయన కోసం ఇంట్లో కాఫీపొడి తెప్పించేరు. ఆయనకి తోడుగా తాత ఒక చుక్క, తర్వాత అరగ్లాసు. బెల్లం వేస్తే కాఫీ అంత చేదుగా ఉండదని కనిపెట్టేడు. తర్వాత ఆఫీసరు రాని రోజున కూడా అడగడం మొదలెట్టేడు. చేసి ఇవ్వవలసినది అత్తే. ఒకనాడు ఆవిడ గ్లాసు ఆయన ముందు పెట్టి, వెళ్ళకుండా అక్కడే నించుని అంది: "మేడ మీద ఒగ్గినది ముట్టకూడదు కదా నాన్నా?"

తాత గ్లాసు ఎత్తినవాడు దింపలేదు. "కాపీ వేరు, ఉజ్జోగం వేరు."

"ఎలాగ వేరు?"

"నాకు ఎదురు సెప్పకు."

ఆవిడ ఆ రోజే ఆఫీసుకి ఉత్తరం రాసింది, ఇంకా ఖాళీ ఉంటే వచ్చి చేరతానని. ఆ చోట్లో వేరేవాళ్ళని వేసేసేం అని జవాబు వచ్చింది. వాళ్ళ తప్పేం లేదు, చేరమన్న తేదీ దాటిపోయి చాలా రోజులైంది. తాత మాత్రం బతికినన్నాళ్ళూ రెండు పూటలా కాఫీ తాగేడు. అన్నీ అత్త చేతి కాఫీలే. కంద మాత్రం పోయేదాకా ముట్టలేదు. అందుకు ఊళ్ళో ఆయనకి నిష్ఠాపరుడని పేరు.

నేను ఈ మాటలంటే శంకరం, "ఎప్పటివో కదక్కా. ఆ రోజులు వేరు. తాత చెడ్డవాడేం కాదు" అంటాడు. చెడ్డవాడని నేనెక్కడన్నాను? చెడ్డవాడైతే అత్త ఎదురు తిరిగి వెళ్ళిపోయేది. మంచివాడు కనకే ఏడ్చేడు, ఏడ్చేడు కనకే ఆవిడ ఆగిపోయింది. ఆ రోజులు వేరు అన్నది కూడా అబద్ధమే. ఆ రోజుల్లోనే ఆ నీలం చీర పిల్ల ఐదో అంతస్తులో లిఫ్టెక్కింది. ఆ పిల్లకీ ఒక తండ్రి ఉంటాడు. రోజులు ఇద్దరికీ అవే.

శంకరం మనవరాలు ఇప్పుడు హైదరాబాదులో ఎత్తైన అద్దాల మేడలో పని చేస్తోంది. మంచిదే. ఆ పిల్ల అంటే నాకు ప్రాణం. భోజనాల మర్నాడు ఫోను చేసి, "మామ్మా, వరాలు మామ్మ మద్రాసులో ఏ ఫ్లోర్లో పని చేసేవారు?" అని అడిగింది. మా ఇంట్లో కథ అంతదాకా వచ్చింది. చూసిరావడం కాస్తా పని చెయ్యడం అయిపోయింది. "మన ఇంటి ఆడపిల్లలు మొదట్నుంచీ ఇంతే, పెద్ద మేడల్లోనే" అని, తాత పాడిన మేడ పాటకి శంకరం చరణం కలిపేడు. ఆ పిల్లకి ఉన్నదున్నట్టు చెప్పేను. "మరి మా తాతగారు ఎందుకలా చెప్తారు?" అంది. అలా చెప్పుకుంటే సుఖంగా ఉంటుంది కనక అన్నాను.

ఒకసారి ఆఫీసు పని మీద మద్రాసు వెళ్ళినప్పుడు ఆ మేడ దగ్గరికి మళ్ళీ వెళ్ళేను. చుట్టూ ఇంకా ఎత్తైనవి లేచి, అది వాటి మధ్య మామూలుగా నించుని ఉంది. పైకి వెళ్ళొచ్చా అని అడిగితే కాపలావాడు, లోపల పని ఉన్నవాళ్ళకే తప్ప ప్రవేశం లేదన్నాడు. మంచి నియమం. యాభై తొమ్మిదిలోనే పెట్టవలసింది. అప్పుడు మా ఇంట్లోంచి ఆ గుమ్మం దాటగలిగిన మనిషి ఒక్కతే ఉండేది.

నాకు ట్రెజరీలో ఉద్యోగం వచ్చినప్పుడు తాత ఇంకా ఉన్నాడు, ముసలివాడైపోయేడు. అరుగు మీంచే అన్నాడు, "అనకాపల్లేనా? ఓ పాలి అందరం ఎల్లి ఆ ఆఫీసేటో సూసొద్దాం, సూసేక..." వరాలత్త పొయ్యి దగ్గర్నుంచి వచ్చింది. చేతిలో అంబలి గరిటె అలాగే ఉంది.

"ఎవరూ సూడక్కల్లేదు" అంది. మాతో మాట్లాడినప్పుడు ఎప్పుడూ చక్కటి పేపరు భాష మాట్లాడే మనిషి, ఆ ఒక్క మాట మామ్మ భాషలో అంది. "అది ఎల్తాది. ఒక్కర్తీ ఎల్తాది."

తాత నోరు తెరిచేడు. ఆవిడ ఆయన వంకే చూస్తూ నించుంది. మామ్మ అప్పటికి పోయింది. నాన్న పేపరు అడ్డం పెట్టుకున్నాడు. తాత నోరు మూసుకున్నాడు.

చేరవలసిన రోజున ఆవిడ నన్ను బస్టాండుకి తీసుకెళ్ళింది. "అనకాపల్లి దాకా రా అత్తా, గుమ్మం దాకా" అని బతిమాలేను. రానంది. బస్సు కదిలేముందు కిటికీ ఊచ పట్టుకుని చెప్పింది: "లోపలికెళ్ళి నీ కుర్చీ ఏదని అడుగు. చూపించగానే కూర్చో. ఎవరు లేపినా లేవకు. మీ నాన్న ఏడ్చినా లేవకు, నేను ఏడ్చినా లేవకు."

బస్సు మలుపు తిరుగుతుంటే వెనక్కి చూసేను. ఆవిడ అప్పటికే ఇంటి దారి పట్టింది, వేగంగా నడుస్తోంది. తోటలోకి చెరుకు కూలీలు దిగే వేళైంది.